నీటి పరీక్షల అంకెలను అర్థంతో సహా ఇవ్వండి: ల్యాబుల అధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో తాగునీరు, భూగర్భజలం, కాలుష్య పరీక్షల ల్యాబులను నడిపే అధికారులకు,

నమస్కారం. నీటి పరీక్షల ఫలితాలను కంప్యూటరు కూడా చదివి అర్థం చేసుకోగలిగే రూపంలో ఇవ్వమని ఇంతకుముందు రాతపూర్వకంగా అడిగాం. జవాబు రాలేదు. ఫలితాలు మాత్రం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగా, శీర్షికలు సగం ఎగిరిపోయిన ఎక్సెల్ పట్టికలుగా వస్తూనే ఉన్నాయి. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

మీ కెమిస్టుల పనితనం మీద మాకు ఫిర్యాదు లేదు. వాళ్లు బెంచి దగ్గర రాసుకున్న వివరాల్లో సగం, పట్టిక బయటికి వచ్చేలోగా పోతున్నాయి. మా ఫిర్యాదు దాని గురించే. ల్యాబుల గుర్తింపుకు ఆధారమైన ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రమాణం ప్రకారం రిపోర్టులో ఏ పద్ధతిలో కొలిచారో, ఏ యూనిట్‌లో చెబుతున్నారో, ఏ తేదీన చేశారో ఉండాలి. ఆ కాగితం మీద ఉంటాయి కూడా. వందల కాగితాలను ఒక పట్టికగా కలిపేటప్పుడు మిగిలేది ఊరి పేరు, దాని పక్కన ఒక అంకె. ఇలా వివరాలు పోతే నష్టపోయేది ఆ నీళ్లు తాగేవాళ్లు. ఎలా నష్టపోతారో ఒక్కొక్కటిగా చెబుతాం.

1. నైట్రేట్. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇందులో సడలింపు లేదు. ఈ 45 నైట్రేట్ అయాన్ మొత్తం బరువు లెక్క. చాలా పద్ధతుల్లో, పరికరాల్లో ఫలితం అందులోని నైట్రోజన్ బరువు లెక్కలో వస్తుంది. నైట్రేట్ అయాన్ బరువు 62, నైట్రోజన్‌ది 14. నైట్రోజన్ లెక్క నుంచి అయాన్ లెక్కకు మారాలంటే 4.43తో గుణించాలి. పట్టికలో ‘నైట్రేట్ 12’ అని ఉంటే, అది అయాన్ లెక్క అయితే ఆ బోరుకు ఢోకా లేదు. నైట్రోజన్ లెక్క అయితే అసలు విలువ 53, పరిమితి దాటేసింది. పట్టిక చూసి ఈ రెంటిలో ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఆ నీళ్లతో పాలపొడి కలిపితే నైట్రేట్ నైట్రైట్‌గా మారి, రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి వస్తుంది. పిల్లవాడు నీలంగా మారతాడు. ఇక్కడ కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వమనే మామూలు సలహా ఎదురు తిరుగుతుంది. కాచితే నీరు ఆవిరవుతుంది, నైట్రేట్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, గాఢత పెరుగుతుంది. ఆశా కార్యకర్త ఏం చెప్పాలన్నది ఆ 12 ఏ లెక్కలో ఉందన్న దాని మీద ఆధారపడి ఉంది.

2. ఫ్లోరైడ్. ఈ దేశంలో తాగునీటి ఫ్లోరోసిస్‌ను మొదట వైద్య పత్రికకెక్కించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. నల్లగొండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే ఉంది. పరిమితి 1.0, వేరే నీటి వనరు లేకపోతే 1.5 మిల్లీగ్రాములు. ఇంత చిన్న తేడా మీద ఊరి నిర్ణయాలు ఆధారపడినప్పుడు, ఏ పద్ధతిలో కొలిచారన్నది అంకె అంత ముఖ్యం. స్పాడ్న్స్ అనే రంగు పద్ధతి 1.4 దాకే నమ్మదగ్గది. అంతకు మించితే శాంపిల్‌ను పలచన చేసి కొలిచి, తిరిగి గుణించాలి. ఆ గుణకం పట్టికలోకి ఎక్కకపోతే నాలుగు ఉన్న నీరు ఒకటిగా కనిపిస్తుంది. పైగా ఆ పద్ధతికి అల్యూమినియం అంటే పడదు. లీటరుకు 0.1 మిల్లీగ్రాము అల్యూమినియం ఉన్నా, 1.0 ఉన్న ఫ్లోరైడ్‌ను 0.1 తక్కువ చేసి చూపిస్తుంది. పటిక అంటేనే అల్యూమినియం లవణం. అంటే పటికతో శుద్ధి చేసిన నీటినే, శుద్ధి బాగా జరిగిందా అని చూడటానికి ఆ పద్ధతిలో కొలిస్తే, ఫలితం ప్లాంటుకు అనుకూలంగా తప్పుతుంది. శాంపిల్‌ను ముందుగా స్వేదనం చేశారా? వోల్టేజీ ద్వారా ఫ్లోరైడ్‌ను కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ వాడారా? అందులో సమాన పరిమాణంలో టీసాబ్ బఫర్ కలిపి, అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్‌ను విడిపించారా? ఎలక్ట్రోడ్ వాలు, అంటే గాఢత పది రెట్లు మారితే వోల్టేజీలో వచ్చే మార్పు, 54 నుంచి 60 మిల్లీవోల్టుల మధ్య ఉందా? ఇవన్నీ బెంచి పుస్తకంలో ఉన్నవే. బయటికి వచ్చిన పట్టికలో ఒక్కటీ కనపడదు.

3. ‘ఎన్‌డీ’, ‘బీడీఎల్’. ‘ఎన్‌డీ’ అంటే కనపడలేదు, ‘బీడీఎల్’ అంటే గుర్తింపు పరిమితికన్నా తక్కువ. ఇలా రాసిన చోట ఎంతకన్నా తక్కువైతే కనపడదో, ఆ గుర్తింపు పరిమితిని కూడా రాయాలి. ఆర్సెనిక్ పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. 0.05 కన్నా తక్కువను గుర్తించలేని పద్ధతిలో ‘కనపడలేదు’ అంటే నీరు మంచిదనీ కాదు, చెడ్డదనీ కాదు. పట్టిక కలిపేవాళ్లు ఆ గడిలో సున్నా వేస్తారు, సున్నాతో సగటు తీస్తారు, ఆ సగటు జిల్లా నివేదికకు ఎక్కుతుంది.

4. కాఠిన్యం, క్షారత. ఇవి కాల్షియం కార్బొనేట్ లెక్కలో చెప్పే అంకెలు. కాల్షియం గడిలోనూ అదే లెక్క దూరితే విలువ రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని పట్టే మార్గం ఒకటుందని కింద చెబుతాం.

5. మైక్రో గుర్తు. ఇది నవ్వొచ్చే విషయమే గానీ ప్రాణం మీదికి తెస్తుంది. సింబల్ అనే పాత ఫాంటులో మ్యూ అక్షరం ఇంగ్లిష్ చిన్న ‘ఎం’ స్థానంలో ఉంటుంది. ఫైలు తెరిచిన కంప్యూటరులో ఆ ఫాంటు పోగానే మైక్రోగ్రాములు కాస్తా మిల్లీగ్రాములవుతాయి, వెయ్యి రెట్లు. పటాన్‌చెరులో ఫార్మా కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అంటే 31 మిల్లీగ్రాములు. నిజంగానే అంత పెద్ద అంకెలున్న చోట యూనిట్ మీద అనుమానం మిగిలితే, ఉన్న ప్రమాదాన్ని అచ్చుతప్పని కొట్టేయొచ్చు, అచ్చుతప్పును చూసి ఊరు ఖాళీ చేయొచ్చు. ఇంకో మెలిక, ఆ మందును దాని హైడ్రోక్లోరైడ్ లవణం బరువులో చెబితే సుమారు పదకొండు శాతం తేడా వస్తుంది.

6. ఊరు, బోరు. కొత్తపల్లులు, రామాపురాలు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2014 పట్టికలో నల్లగొండ జిల్లా అన్న ఊరు ఇప్పుడు సూర్యాపేటలోనో, యాదాద్రి భువనగిరిలోనో ఉండొచ్చు. జిల్లా పేరును బట్టి కలిపితే పాత ఫలితం ఒక దిక్కు, కొత్త ఫలితం ఒక దిక్కు. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన ఊరి పేర్లయితే ఇప్పుడు పిచ్చి గీతలు. ఒకే ఊళ్లో చేదబావి నీరు, మూడొందల అడుగుల బోరు నీరు రసాయనికంగా వేర్వేరు. ఆ తేడా చెప్పే గడి కూడా చాలా పట్టికల్లో ఉండదు.

7. ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. నీటిని ఎన్నో బృందాలు పరీక్షించాయి. నీరే కారణమని మేము అనడం లేదు. కారణమో కాదో తేల్చాలంటే వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు ల్యాబులు తీసిన అంకెలను పక్కపక్కన పెట్టగలగాలి. పైన చెప్పిన ఆరు లోపాలున్న పట్టికలను పక్కపక్కన పెడితే వచ్చేది కొత్త గందరగోళమే. డయాలసిస్‌కు తిరిగే కుటుంబాలకు ఇది పరిశోధకుల తగాదా కాదు.

ఇక పరిష్కారం. దీనికి కొత్త ఆవిష్కరణ అక్కర్లేదు. వెబ్ ప్రమాణాలు చేసే డబ్ల్యూ3సీ సంస్థ సెమాంటిక్ వెబ్ పేరుతో ఇచ్చిన ప్రమాణాలున్నాయి, అవి ఉచితం. సారం ఇదీ: ప్రతి వస్తువుకూ, ప్రతి భావనకూ ఒక శాశ్వత చిరునామా ఇస్తారు. ప్రతి సమాచారాన్నీ మూడు ముక్కల వాక్యంగా రాస్తారు. దేని గురించి, ఏ సంబంధం, ఏ విలువ. దీన్ని ఆర్‌డీఎఫ్ అంటారు, వాక్యాన్ని ట్రిపుల్ అంటారు. ఉదాహరణకు ఒక బోరు ఫ్లోరైడ్ ఫలితం మామూలు మాటల్లో ఇలా ఉంటుంది:

ఈ పరిశీలన — కొలిచిన లక్షణం — నీటిలో కరిగిన ఫ్లోరైడ్ గాఢత
ఆ లక్షణం — ఏ పదార్థానిది — ఛెబీ 17051
ఆ లక్షణం — ఏ బరువు లెక్కలో — ఫ్లోరైడ్ అయాన్‌గా
ఈ పరిశీలన — విలువ — 2.1
ఆ విలువ — యూనిట్ — లీటరుకు మిల్లీగ్రాము
ఈ పరిశీలన — పద్ధతి — అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్, టీసాబ్‌తో
ఆ పద్ధతి — గుర్తింపు పరిమితి — 0.1
ఈ పరిశీలన — శాంపిల్ — ఫలానా తేదీన తీసిన సీసా
ఆ శాంపిల్ — ఎక్కడిది — ఫలానా బోరు
ఆ బోరు — గ్రామం — ఎల్‌జీడీ కోడ్

ఇందులో ‘ఛెబీ’ అనేది యూరప్ బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ నడిపే రసాయనాల నిఘంటువు. అందులో 17051 ఫ్లోరైడ్ అయాన్, 17632 నైట్రేట్ అయాన్. సోడియం ఫ్లోరైడ్‌కు వేరే నంబరు, ఫ్లోరిన్ పరమాణువుకు వేరే నంబరు. సేంద్రియ రసాయనాలకు ఐయూపాక్ వారి ఇంచీ సంకేతం ఉంది. అందులో సిప్రోఫ్లాక్సాసిన్‌కూ, దాని హైడ్రోక్లోరైడ్‌కూ వేర్వేరు సంకేతాలొస్తాయి. పరిశీలన, శాంపిల్, పద్ధతి అనే చట్రానికి 2017లో వచ్చిన సోసా ప్రమాణం, యూనిట్లకు క్యూయూడీటీ పట్టిక ఉన్నాయి. ఎల్‌జీడీ మన కేంద్ర ప్రభుత్వానిదే, ప్రతి గ్రామానికీ కోడ్ ఇచ్చే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ.

ప్రతి రసాయనానికీ ఇచ్చే కాస్ అనే రిజిస్ట్రీ నంబరు చాలు కదా అని ఎవరైనా అంటే, వాడండి, అయితే ఎక్సెల్‌ను నమ్మకండి. పొటాషియం కాస్ నంబరు 7440-09-7. గడిని ముందే టెక్స్ట్‌గా పెట్టకపోతే ఎక్సెల్ దాన్ని 7440వ సంవత్సరం సెప్టెంబరు 7 అనుకుంటుంది.

అలా రాసినప్పుడు ఏం లాభమో ఒక్క ఉదాహరణ. ఏ నీటిలోనైనా ధన అయాన్ల మొత్తం ఆవేశం, రుణ అయాన్ల మొత్తం ఆవేశం సమానంగా ఉండి తీరాలి. మిల్లీగ్రాముల్లో ఉన్న కాల్షియంను 20.04తో, మెగ్నీషియంను 12.15తో, సోడియంను 23తో, పొటాషియంను 39.1తో భాగించి కూడాలి. అటువైపు బైకార్బొనేట్‌ను 61తో, క్లోరైడ్‌ను 35.45తో, సల్ఫేట్‌ను 48.03తో, నైట్రేట్‌ను 62తో భాగించి కూడాలి. రెండు మొత్తాల తేడాను వాటి కూడికతో భాగిస్తే 5 శాతం దాటకూడదు. దాటితే ఏదో గడిలో పొరపాటుంది. కాల్షియం గడిలో కార్బొనేట్ లెక్క దూరితే ఇక్కడ వెంటనే బయటపడుతుంది. యూనిట్, బరువు లెక్క ట్రిపుల్స్‌లో ఉంటే, స్పార్కిల్ అనే ప్రశ్న భాషలో రాసిన ఒకే ప్రశ్న రెండు రాష్ట్రాల శాంపిళ్లన్నిటినీ ఇలా తూకం వేస్తుంది. ఇప్పుడున్న పట్టికలతో ఒక్కో ఫైలుకు ఒక్కో మనిషి కూర్చోవాలి, కూర్చున్నా నైట్రేట్ ఏ లెక్కో ఊహించుకోవాలి.

తప్పులు దొర్లే చోట్లు కూడా చెప్పడం మా బాధ్యత. యూనిట్ల కోసం యూకమ్ సంకేతాలు వాడేవాళ్లు ‘నైట్రోజన్‌గా’ అనే మాటను మీసాల బ్రాకెట్లో పెడుతుంటారు. ఆ బ్రాకెట్లోని మాటకు యూకమ్‌లో లెక్కపరంగా విలువ లేదు. మనిషికి కనిపిస్తుంది, యంత్రం దాటేస్తుంది. కాబట్టి ‘నైట్రేట్, నైట్రోజన్ లెక్కలో’ అన్నదాన్ని యూనిట్‌లో కాకుండా, లక్షణానికే వేరే చిరునామాగా పెట్టాలి. రెండోది, ‘ఇదీ అదీ ఒకటే’ అని చెప్పే సేమ్‌యాజ్ సంబంధాన్ని చేతికొచ్చినట్టు వాడకూడదు. నైట్రేట్ అయాన్‌నూ సోడియం నైట్రేట్‌నూ ఒకసారి ఒకటే అని రాశారంటే, ఒకదాని గురించి తెలిసిన ప్రతి విషయాన్నీ తర్కించే సాఫ్ట్‌వేర్ రెండోదానికి అంటగడుతుంది. దగ్గరి పోలిక అనే బలహీన సంబంధం వాడండి. మూడోది, ‘కనపడలేదు’ ఫలితానికి విలువ గడిలో సున్నా గానీ, పరిమితిలో సగం గానీ వేయొద్దు. విలువ ఖాళీగా వదిలి, ‘దీనికన్నా తక్కువ’ అనే గుర్తు, గుర్తింపు పరిమితి రాయండి. సగటు ఎలా తీయాలో వాడుకునేవారు నిర్ణయించుకుంటారు.

ఇదంతా చేసినా, వాలు పడిపోయిన ఎలక్ట్రోడ్‌తో తీసిన అంకె తప్పు అంకెగానే ఉంటుంది. ఆర్‌డీఎఫ్ రసాయన శాస్త్రాన్ని బాగుచేయదు. తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి చూసే దారి మాత్రం ఇస్తుంది.

‘మా ల్యాబు వాళ్లకు ఇవన్నీ ఎక్కడ నేర్పిస్తాం’ అన్న మాట మామూలుగా వినిపిస్తుంది. నేర్పించనక్కర్లేదు. బెంచి దగ్గర కెమిస్టు ఇప్పుడు నింపే పట్టికే నింపుతారు, నాలుగైదు గడులు అదనంగా. ఆ పట్టికను దాచే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్) ఫైలు పక్కన, ఏ గడి అంటే ఏమిటో చెప్పే చిన్న వివరణ ఫైలు ఉంటే చాలు. దీనికి సీఎస్‌వీడబ్ల్యూ అనే ప్రమాణం 2015 నుంచి ఉంది. వివరణ ఫైలు ఒక్కసారి రాస్తే అదే తరహా పట్టికలన్నిటికీ సరిపోతుంది. ట్రిపుల్స్‌గా మార్చే పని రాష్ట్ర స్థాయిలో ఒక్క సర్వరు చేస్తుంది. డేటాబేస్ ఉన్న చోట దాని పట్టికలను ట్రిపుల్స్‌గా మార్చే ఆర్2ఆర్ఎంఎల్ ప్రమాణం ఉంది. లైసెన్సు ఖర్చు లేని సాఫ్ట్‌వేర్‌తోనే ఇదంతా నడుస్తుంది. ఖర్చంతా మనుషుల సమయం. ఆ సమయంలో ఎక్కువ భాగం మొదటి నెలల్లో బోర్ల జాబితా సరిచేయడానికే పోతుందని ముందే చెబుతున్నాం.

‘జనం భయపడతారు’ అన్నది రెండో మాట. లెక్క తెలియని అంకె చూసే ఎక్కువ భయపడతారు. పైగా ఇది మీ దయ కాదు. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ఎవరూ అడగకుండానే వెల్లడించమంటుంది. కేంద్రం 2012లో తెచ్చిన డేటా పంపిణీ విధానం యంత్రం చదవగలిగే రూపం గురించే మాట్లాడుతుంది. ప్రభుత్వ డేటా వాడుకకు 2017 నుంచి లైసెన్సు కూడా సిద్ధంగా ఉంది.

కాబట్టి మేము అడుగుతున్నవి:

ఒకటి. ఇకపై ప్రచురించే ప్రతి ఫలితంతో ఈ ఎనిమిదీ తప్పనిసరిగా ఉండాలి: పదార్థం గుర్తింపు సంఖ్య, బరువు లెక్క, యూనిట్, పద్ధతి, గుర్తింపు పరిమితి, శాంపిల్ తీసిన తేదీ, బోరు లేదా బావి నంబరు, గ్రామం ఎల్‌జీడీ కోడ్. పలచన చేసి ఉంటే ఆ గుణకం కూడా. స్కాన్ చేసిన పీడీఎఫ్ అదనంగా ఇస్తే ఇవ్వండి, దానికి బదులుగా ఇవ్వకండి.

రెండు. నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ ఫలితాలతో మొదలుపెట్టండి. మూడు నెలల్లో రెండు రాష్ట్రాల్లో చెరో జిల్లాలో చేసి చూపించండి. నల్లగొండ, శ్రీకాకుళం అయితే మేలని మా సూచన.

మూడు. ఫైలు బయటికి వెళ్లేముందు, ఆర్‌డీఎఫ్ డేటాలో ఉండాల్సినవన్నీ ఉన్నాయో లేదో చూసే షాకిల్ అనే ప్రమాణంలో రాసిన నియమాలతో యంత్రం తనిఖీ చేయాలి. యూనిట్ లేకపోతే, బరువు లెక్క లేకపోతే, విలువా లేక ‘దీనికన్నా తక్కువ’ గుర్తూ లేకపోతే ఫైలు వెనక్కి రావాలి, ల్యాబుకే రావాలి. జిల్లా ఆఫీసులో ఎవరో ఊహించి నింపే పద్ధతి ఆగాలి.

నాలుగు. ప్రతి ప్రభుత్వ బోరుకూ మారని చిరునామా ఇవ్వండి. జిల్లా మారినా, మండలం మారినా చిరునామా మారకూడదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లాలో ఉందన్నది దానికి అనుబంధ వాక్యంగా ఉండాలి. లోతు, అక్షాంశ రేఖాంశాలు అయిదు దశాంశ స్థానాల దాకా ఇవ్వండి. రైతుల సొంత బోర్లయితే పేరు, ఫోను నంబరు, కచ్చితమైన చోటు వద్దు, గ్రామం కోడ్ చాలు.

అయిదు. పాత ఫలితాల్లో లెక్క తెలియనివాటిని పారేయకండి, సరిదిద్దకండి కూడా. ‘బరువు లెక్క తెలియదు’ అని గుర్తు పెట్టి అలాగే విడుదల చేయండి. బెంచి పుస్తకాలు దొరికిన చోట్ల నిజం తేలుతుంది. ఆ పుస్తకాలను గడువు తీరిందని చెత్తకు వేయొద్దని ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వండి, ఇది అన్నిటికన్నా తొందర.

ఆరు. ఊరి నోటీసు బోర్డు మీద పెట్టే తెలుగు ఫలితం కూడా ఇదే డేటా నుంచి తయారవ్వాలి. ‘ఫ్లోరైడ్ 2.1, పరిమితి 1.5, తాగడానికి, వంటకు వద్దు, మిగతా వాడకానికి పరవాలేదు’ అనేంత సూటిగా, యూనికోడ్ తెలుగులో.

ఈ ఆరింటిలో ఏది చేస్తారో, ఏది ఎందుకు చేయలేరో నెల రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి. చేయడానికి ముందుకొచ్చే ల్యాబుకు వివరణ ఫైలు నమూనా, షాకిల్ నియమాలు, అయాన్ల తూకం ప్రశ్న మేము రాసిస్తాం. రుసుము లేదు. ల్యాబు నుంచి మాకు కావలసింది గత సీజనులో నింపిన ఒక అసలు పట్టిక, దానికి సంబంధించిన బెంచి పుస్తకం పేజీలు.

ఇట్లు,
తాగునీటి రసాయన డేటాపై పనిచేస్తున్న కెమిస్టులు, ప్రోగ్రామర్లు